సమష్టి హితం ఆధ్యాత్మిక విలువ ఎప్పుడవుతుంది?

సహపథికుడు

సభ్యులందరికీ నమస్కారం. నలుగురి మేలు కోరడం ఆధ్యాత్మిక జీవితంలో భాగమని చిన్ననాటి నుంచి నమ్ముతూ వచ్చినవాణ్ణి. ఇటీవల ఒక చిన్న సంఘటనతో ఆ నమ్మకం తడబడింది. మేముండే అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో లిఫ్టు పాతబడి తరచుగా ఆగిపోతోంది. దాన్ని మార్చడానికి అన్ని ఇళ్లవారూ సమానంగా డబ్బు వేసుకోవాలని నివాసుల సంఘం ప్రతిపాదించింది. కింది అంతస్తులో ఉండే ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. సంఘం కార్యదర్శిగా నేను లేచి, మనమంతా ఒకే కుటుంబమనీ, ఒకరి కష్టాన్ని అందరి కష్టంగా చూడడమే అన్ని మతాలూ చెప్పే ధర్మమనీ, మోకాళ్ల నొప్పితో నెలల తరబడి గడప దాటలేకపోతున్న నాలుగో అంతస్తు ఆవిడను ఒక్కసారి తలచుకోమనీ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆయన నెమ్మదిగా, "కుటుంబం అనే మాట వచ్చిందంటే ఎవరి నోరో మూయబోతున్నారని నాకు అనిపిస్తుంది బాబూ. లెక్క మాట్లాడండి" అన్నారు. ఆ తరువాత సభలో ఎవరూ నోరు మెదపలేదు, నిర్ణయం వాయిదా పడింది.

అప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. నివాసుల సంఘం మొదలుకొని పార్లమెంటు దాకా, నలుగురి డబ్బుతో నలుగురి పేరున నిర్ణయాలు జరిగే ప్రతిచోటా సమష్టి హితాన్ని ఆధ్యాత్మిక విలువగా చెప్పడం సబబేనా? సబబే అయితే, అది ఎదుటివారిని లొంగదీసే సాధనంగా మారకుండా దాన్ని కాపాడేది ఏది?

గీతాధ్యాయి

మంచి ప్రశ్న ఎత్తారు. మన సంప్రదాయంలో దీనికి దగ్గరగా ఉన్న మాట లోకసంగ్రహం. భగవద్గీత మూడో అధ్యాయం 20వ శ్లోకంలో కృష్ణుడు, జనకాదులు కర్మ చేతనే సిద్ధి పొందారని చెప్పి, లోకసంగ్రహాన్ని దృష్టిలో పెట్టుకొని అయినా నీవు కర్మ చేయాలని అర్జునుడితో అంటాడు. జనం పెడదారిన పడకుండా నివారించడమే లోకసంగ్రహమని శంకరుల భాష్యం. సంగ్రహమంటే చెదిరిపోకుండా కలిపి పట్టుకోవడం కనుక, లోకాన్ని చెదిరిపోనీయకుండా నిలిపే పని అని కూడా అర్థం చెప్పుకోవచ్చు.

అయితే ఈ ఉపదేశం ఎవరిని ఉద్దేశించినదో గమనించాలి. అది కర్తకు చెప్పిన మాట. నీవు ఫలాపేక్ష లేకుండా చెయ్యి అని చెప్పింది తప్ప, లోకహితం పేరు చెప్పి ఇతరుల దగ్గర వసూలు చెయ్యి అని చెప్పలేదు. అయిదు శ్లోకాల తరువాత ఇదే మాట మళ్లీ వస్తుంది, అక్కడ కూడా అసక్తుడై, అంటే ఫలం మీద తగులుకోకుండా, పని చేయవలసినవాడు విద్వాంసుడే. సహపథికుడు గారూ, నొప్పించాలని కాదు గాని, ఆనాటి సభలో మీరు ఈ విలువను మీకు అన్వయించుకున్నారా, ఆయనకు అన్వయించారా అన్నది ఒకసారి ఆలోచించండి.

అశోకుడి ఆరో శిలాశాసనం ఈ సందర్భంలో నాకు ఎంతో ఇష్టం. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, పడకగదిలో ఉన్నా, ప్రజల పనులు ఎప్పుడైనా ఎక్కడైనా తనకు నివేదించవచ్చునని అందులో చెక్కించాడు. సర్వలోక హితం కంటే గొప్ప పని లేదని అదే శాసనంలో చెబుతూ, దాని భారమంతా తన నిద్ర మీద, తన భోజనం మీద వేసుకున్నాడు. రాజు ప్రజలను త్యాగం చేయమని అడగలేదు, తన గది తలుపు తీసి ఉంచాడు.

ఎదురుప్రశ్న

గీతాధ్యాయి గారి విశ్లేషణను గౌరవిస్తూనే, ఆ పెద్దాయన పక్షాన నిలబడాలని ఉంది. సమాజం అనే మాటకు మనం అలవాటుగా ఒక వెలుగు తొడుగుతాం. మనుషులను వెలివేసినదీ, ఇష్టపడి పెళ్లి చేసుకున్నవారిని వెంటాడినదీ, ఒక వాడకు నీళ్లు అందకుండా చేసినదీ కూడా సమాజమే. ఆ పనులన్నీ అందరి మేలు కోసమనే చెప్పి చేశారు. సమష్టి హితం అనే మాట విన్నప్పుడు నష్టపోయేది ఎవరని అడగడం నాకు అలవాటయింది. ఆ అలవాటును నేను అనుభవంతో నేర్చుకున్నాను, వదులుకోలేను.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన ప్రసంగంలో ఈ చర్చకు నేరుగా తగిలే మాట ఒకటుంది. మతంలో భక్తి ఆత్మ విముక్తికి దారి కావచ్చు గాని, రాజకీయాల్లో భక్తి, వ్యక్తిపూజ పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారితీస్తాయని ఆయన హెచ్చరించారు. ఆధ్యాత్మిక జీవితంలో సద్గుణమైనదే ప్రజాజీవితంలోకి వచ్చేసరికి ప్రమాదంగా మారగలదని దీని అర్థం. సమర్పణ, శరణాగతి, ప్రశ్నించకపోవడం సాధకుడికి మేలు చేస్తాయేమో, పౌరుడికి చేయవు. కాబట్టి ప్రజాజీవితంలో లెక్కలు, హక్కులు, చట్టాలు ఉంటే చాలును. ఆధ్యాత్మికతను ఎవరి ఇంట్లో వారు ఉంచుకోవడం అందరికీ క్షేమం.

గీతాధ్యాయి

మీ హెచ్చరిక న్యాయమైనది. అదే ప్రసంగాన్ని ఇంకొంచెం ముందుకు చదవమని మాత్రం మనవి. సౌభ్రాతృత్వం లేకపోతే సమానత్వం, స్వేచ్ఛ పైపై రంగు పూతల కంటే లోతైనవి కాలేవని అంబేద్కర్ అన్నది కూడా అక్కడే. చట్టం స్వేచ్ఛను ప్రకటించగలదు, సమానత్వాన్ని శాసించగలదు, పక్కవాణ్ణి తోబుట్టువుగా చూడమని మాత్రం ఏ సెక్షనూ బలవంతపెట్టలేదు. ఈ మూడు సూత్రాలనూ తాను ఫ్రెంచి విప్లవం నుంచి కాక తన గురువైన బుద్ధుని బోధల నుంచి గ్రహించానని 1954లో రేడియో ప్రసంగంలో ఆయన స్పష్టంగా చెప్పారు. అంటే, రాజకీయాల్లో భక్తిని అంత గట్టిగా వద్దన్న మనిషే, ప్రజాజీవితపు పునాదిని మాత్రం ఒక ధర్మబోధలో వెతుక్కున్నారు. ఆయన వద్దన్నది వ్యక్తి ముందు మోకరిల్లడాన్ని. తోటిమనిషి పట్ల మైత్రిని ఇంట్లో పెట్టి తాళం వేయమని ఆయన అనలేదు.

ఎదురుప్రశ్న

అంగీకరిస్తాను, "ఎవరి ఇంట్లో వారు" అన్నది తొందరపాటు మాట. అయినా, మైత్రి ఉందో లేదో సభలో ఎలా తెలుస్తుంది? మాటల్లో అందరూ మైత్రి చూపిస్తారు. నాకు గుర్తుపట్టగల ఆనవాళ్లు కావాలి.

నీటిలెక్క

ఆనవాళ్లు అడిగారు గనుక నాకు తెలిసిన రంగం నుంచి చెబుతాను. చాలాకాలం నీటి వినియోగదారుల సంఘాల పని చూసినవాణ్ణి.

అందరిదీ అయిన వనరు ఎవరిదీ కాకుండా పోయి నాశనమవుతుందని 1968లో గారెట్ హార్డిన్ రాసిన వ్యాసం ఒక తరాన్ని శాసించింది. అందరూ మేపుకొనే బీడులో ప్రతి పశువుల కాపరీ ఇంకొక పశువును వదలడమే తనకు లాభమని తలుస్తాడని, చివరికి బీడే మిగలదని ఆయన వాదం. ఎలినార్ ఆస్ట్రమ్ అనే పరిశోధకురాలు వాదానికి వాదం చెప్పి ఊరుకోకుండా, శతాబ్దాలుగా ఉమ్మడి వనరులను చెడగొట్టుకోకుండా నడిపించుకుంటున్న ఊళ్లు నిజంగా ఏం చేస్తున్నాయో పరిశీలించి, 1990లో ఆ ఫలితాలను పుస్తకంగా వెలువరించారు. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన తొలి మహిళ ఆవిడే.

ఆమె చూపిన ఉదాహరణల్లో స్విట్జర్లాండులోని టోర్బెల్ గ్రామం ఒకటి. శీతకాలమంతా ఇంటి దగ్గర తన మేతతో ఎన్ని ఆవులను పోషించగలడో, వేసవిలో అన్నిటినే ఉమ్మడి కొండ మేతకు తోలాలని 1517 నాటి కట్టుబాటు. ఎంత చిన్న నియమమో చూడండి. దురాశ తప్పని ఎవరికీ బోధించనక్కరలేదు, ఎవరి కొట్టంలో ఎన్ని ఆవులున్నాయో ఊరందరికీ కనిపిస్తూనే ఉంటుంది. మరొకటి స్పెయిన్‌లోని వలెన్సియా నీటి న్యాయస్థానం. కాలువల రైతులు తమలో నుంచి ఎన్నుకున్న ప్రతినిధులు ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు అక్కడి కెథడ్రల్ ద్వారం ముందు కూర్చుంటారు. కాగితాలు ఉండవు, లాయర్లు ఉండరు. ఎవరు ఎవరి వంతు నీరు మళ్లించారో దారిన పోయేవారు కూడా వింటుండగా నోటితోనే విచారిస్తారు, అక్కడికక్కడే తీర్పు చెబుతారు. 2009లో యునెస్కో దీనిని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. గుడి తలుపు ముందు నీటి తగవు తీరడం నాకు ఎప్పుడూ ఒక ప్రార్థనలాగే తోస్తుంది.

ఆస్ట్రమ్ గమనించిన లక్షణాల్లో కొన్ని మన చర్చకు పనికివస్తాయి. నియమం ఎవరిని కట్టివేస్తుందో వారికి ఆ నియమాన్ని మార్చడంలో చోటు ఉండాలి. కాపలా కాసేవారు అందరికీ జవాబుదారులై ఉండాలి. తప్పు చేసినవాడికి మొదట చిన్న శిక్ష వేయాలి, తప్పు పెరిగితేనే శిక్ష పెంచాలి. మొదటి తప్పుకే వెలివేసే సమాజం మనిషి తిరిగి వచ్చే దారిని తానే మూసేసుకుంటుంది. మీరడిగిన ఆనవాళ్లు ఇవేనని నా నమ్మకం.

బడిగంట

నీటిలెక్క గారి మాటలకు ఒక చేర్పు. నియమాలు, జరిమానాలు వాటంతట అవే సరిపోవని చూపిన ప్రయోగం ఒకటుంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాలను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి, 2000లో ఆ ఫలితాలను ప్రచురించారు. సాయంత్రం పిల్లలను తీసుకువెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గుతాయని అనుకుంటే గణనీయంగా పెరిగాయి, జరిమానా ఎత్తేసిన తరువాత కూడా పాత స్థాయికి దిగలేదు. అంతకుముందు, తమ కోసం ఒక టీచరు ఇంటికి పోలేక కూర్చుందనే బాధ వారిని తొందరపెట్టేది. జరిమానా వచ్చాక ఆ బాధకు ధర కట్టినట్టయింది, చెల్లిస్తే చాలుననిపించింది.

చిన్నపిల్లల టీచరుగా ఈ సంగతి నాకు బాగా తెలుసు. గేటు దగ్గర చివరికి మిగిలిన పిల్లవాడు పుస్తకాల సంచి భుజాన తగిలించుకొని, ప్రతి స్కూటరు చప్పుడుకూ తల ఎత్తి చూస్తుంటాడు. ఆ చూపు తల్లిదండ్రులకు ఒక్కసారి కనిపిస్తే వేరే నియమం అక్కరలేదు. సహపథికుడు గారి పెద్దాయన లెక్క అడగడం న్యాయమే, కాని లెక్కతోనే అంతా ముగిస్తే మనకు మిగిలేది ధరల పట్టిక మాత్రమే అవుతుంది.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. ఒక సభ్యుడు ప్రస్తుత పార్టీల పేర్లతో రాసిన వ్యాఖ్యను విషయానికి సంబంధం లేనందున తొలగించాము. దయచేసి మొదటి ప్రశ్నకు కట్టుబడి రాయండి.

మౌనసాక్షి

ఆధ్యాత్మిక విలువ నిర్ణయం జరిగే పద్ధతిలోకే దిగితే ఎలా ఉంటుందో చూడాలంటే క్రైస్తవంలో ఒక శాఖవారైన క్వేకర్ల సభలను గమనించాలి. వారు వోటు వేయరు. సభ మౌనంతో మొదలవుతుంది. ఒకరు మాట్లాడిన తరువాత కొంత వ్యవధి ఇచ్చి గాని మరొకరు మాట్లాడరు. క్లర్కు అనే బాధ్యుడు సభ ఏ వైపుకు మొగ్గుతోందో గ్రహించి, తీర్మానాన్ని అక్కడే రాసి, అక్కడే చదివి వినిపిస్తాడు. రాసిన మాట సరిగా లేదనిపిస్తే ఎవరైనా సవరణ చెప్పవచ్చు. ఒప్పుకోలేనివాడు తన అసమ్మతిని తెలిపి పక్కకు తప్పుకోవచ్చు, లేదా సభ మొత్తాన్ని ఆగమని కోరవచ్చు. ఆలస్యం చాలా అవుతుంది, అన్నిచోట్లా కుదిరే పద్ధతి కూడా కాదు. అయినా, అడ్డుచెప్పిన మనిషి దగ్గరే మనకు తెలియని సత్యం ఉండవచ్చునని ముందుగానే ఒప్పుకొని కూర్చోవడం నన్ను ఆకట్టుకుంది. మన సభల్లో అడ్డుచెప్పినవాణ్ణి ఎలా ఒప్పించాలా అని చూస్తాం గాని, ఆయనకు తెలిసినది మనకు తెలియదేమోనని అడగం.

దూరతీరం

ఇంకొక కోణం చెప్పకపోతే చర్చ మరీ సౌమ్యంగా మిగిలిపోతుందని రాస్తున్నాను. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన ముగిశాక ఏర్పడిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ (సత్యం, సయోధ్య) కమిషన్‌కు ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షత వహించారు. 1993 నాటి తాత్కాలిక రాజ్యాంగంలోనే "ఉబుంటు" అనే మాట ఉంది. ఇతరుల వల్లనే మనిషి మనిషవుతాడు అన్నది దాని భావం. ఒక ఆధ్యాత్మిక విలువ రాజ్యాంగ పత్రంలోకి నేరుగా ఎక్కిన సందర్భాలు అరుదు. 1996లో బహిరంగ విచారణలు మొదలయ్యాయి. రాజకీయ కారణాలతో నేరం చేసినవారు జరిగినదంతా దాచకుండా చెబితేనే క్షమాభిక్షకు అర్హులు. వేలమంది దరఖాస్తు చేసుకున్నా ఎక్కువమందికి అది దక్కలేదు. ప్రపంచం దాన్ని చూసి చలించిపోయింది, నేనూ చలించాను.

అయితే బాధితులకు పరిహారం ఆరు సంవత్సరాల పాటు ఏటేటా ఇవ్వాలని కమిషన్ సిఫారసు చేయగా, 2003లో ప్రభుత్వం ఒక్కసారిగా తలా 30,000 రాండ్లు ఇస్తామని ప్రకటించి సరిపెట్టింది. ఎంతోమంది బాధితులు దీన్ని ద్రోహంగానే చూశారు. క్షమాభిక్ష దక్కినవారికి అది వెంటనే అమలైంది, క్షమించినవారు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఉబుంటు తప్పుడు విలువ అని నేననను. పాత బాకీ తీరకముందే ఐక్యత గురించి మాట్లాడితే, ఆ మాట ఎంత పవిత్రమైనదైనా, బాకీపడినవాడికే లాభం చేకూరుస్తుంది. సహపథికుడు గారూ, ఆ పెద్దాయనకు మీ భవనంలో పాత బాకీ ఏదైనా ఉన్నదేమో కనుక్కున్నారా?

సహపథికుడు

దూరతీరం గారి ప్రశ్న చదివి రాత్రి నిద్ర పట్టలేదు. ఉదయాన్నే సంఘం బీరువా తీసి, నేను కార్యదర్శిని కాకముందరి మినిట్స్ పుస్తకాలు తిరగేశాను. మూడేళ్ల కిందటి పేజీలో ఉంది. వానాకాలంలో మురుగు పైపు ఎదురుతన్ని కింది అంతస్తు ఇళ్లలోకి మురికినీరు వస్తోందనీ, పైపు మార్చడానికి అందరూ డబ్బు వేసుకోవాలనీ ఆయన అర్జీ పెట్టుకున్నారు. "ఇది కింది ఇళ్లవారి సమస్య కనుక ఖర్చు వారే భరించుకోవాలి" అని తీర్మానం. పై అంతస్తులవారందరూ సంతకాలు చేశారు. వాటిలో నా సంతకం కూడా ఉంది.

నాకది గుర్తే లేదు. ఆ పైపులో పారేది అయిదంతస్తుల మురుగూ అని ఆ రోజు మాలో ఒక్కరికీ తట్టలేదు. మేము వాడుకొని కిందికి వదిలినదంతా ఆయన గుమ్మంలో తేలింది, మేము దాన్ని ఆయన సమస్య అని రాసుకున్నాం. అదే నోటితో లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి ఒకే కుటుంబమన్నాను.

ఎదురుప్రశ్న

సహపథికుడు గారూ, ఇంత నిజాయితీగా రాసినందుకు మీకు నమస్కరిస్తున్నాను. నేనడిగిన ఆనవాలు ఇప్పుడు నాకు దొరికింది. మనకు అనుకూలమైన తీర్మానం కంటే ముందు, మనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పే పాత పుస్తకాన్ని మనమే తెరవడం. దీన్ని ఏ చట్టమూ మీ చేత చేయించలేదు. దీన్ని ఆధ్యాత్మికమని పిలవడానికి నాకిప్పుడు అభ్యంతరం లేదు.

గీతాధ్యాయి

అశోకుడి పన్నెండో శిలాశాసనంలో, తన మతాన్ని పొగుడుకొని ఇతరుల మతాన్ని కించపరిచేవాడు నిజానికి తన మతానికే హాని చేస్తాడనీ, ఒకరి ధర్మాన్ని మరొకరు శ్రద్ధగా వినాలనీ ఉంది. మతాలకు చెప్పిన ఈ మాట అంతస్తులకూ వర్తిస్తుందని మీ అనుభవం చదివాక అనిపించింది. మీరు సభలో ఏం చెప్పబోతున్నారు?

నీటిలెక్క

చెప్పే ముందు ఒక పని చేయండి. కాలువ చివర ఉండే రైతును మొదట మాట్లాడమనడం మా సంఘాల్లో నేను పట్టుబట్టి పెట్టించిన అలవాటు. నీరు ముందుగా అందేవాడు మొదట మాట్లాడితే, చివరివాడికి మాటలోనూ వంతు మిగలదు.

సహపథికుడు

ఆదివారం సర్వసభ్య సమావేశం జరిగింది. నీటిలెక్క గారు చెప్పినట్టు మొదటి అంశంగా మురుగు పైపును పెట్టి, మొదట మాట్లాడమని ఆయననే కోరాను. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. గోడకు ఎంత ఎత్తున మరక పడిందో చేత్తో చూపించారు, మోకాలికి కాస్త కింద. ఆ నీళ్లలో నిలబడే తన భార్య రెండు వానాకాలాలు వంట చేసిందని మాత్రం చెప్పి కూర్చున్నారు. నేను పాత తీర్మానాన్ని సంతకాలతో సహా చదివాను, నా పేరు దగ్గర ఆగి మళ్లీ చదివాను. మూడో అంతస్తు యువకుడొకరు అప్పట్లో తాము ఇంకా అద్దెకు రాలేదనీ, పాత ఖర్చు తమమీద ఎందుకు వేస్తారనీ అడిగాడు. అది న్యాయమైన ప్రశ్న. దాని మీద అరగంట మాట్లాడుకొని, పాత ఖర్చులో అప్పటి యజమానుల వాటా యజమానుల దగ్గరే తీసుకోవాలని నిర్ణయించుకున్నాం. ఇద్దరు ఒప్పుకోలేదు. వారి అసమ్మతిని పేర్లతో నమోదు చేశాం.

మౌనసాక్షి గారు రాసిన పద్ధతిలో తీర్మానాన్ని అక్కడే రాసి చదివాను. "కింది అంతస్తువారికి మురుగు పైపు ఖర్చు నిమిత్తం సంఘం సహాయం చేయుటకు" అని నేను రాశాను. పెద్దాయన పుస్తకం ఇమ్మని చేయి చాపారు. కళ్లజోడు సవరించుకొని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, "సహాయం చేయుటకు" అన్న మాటలను కొట్టేసి, పైన "బాకీ తీర్చుటకు" అని రాసి, పుస్తకం నా చేతికి తిరిగి ఇచ్చారు. ఆ తరువాత లిఫ్టు తీర్మానం కింద మొదటి సంతకం ఆయనే చేశారు.